మోటార్లాయన రాగి డబ్బా

మన బడి వరండాలో ఆఫీసు గది దాటగానే గోడకు మూడు నల్లరాతి ఫలకాలున్నాయి. ఒకటి నీళ్ల కూలరు ఇచ్చినవాళ్లది, ఇంకొకటి నీళ్లు శుద్ధిచేసే మిషను ఇచ్చినవాళ్లది, మూడోది మళ్లీ కూలరుదే. ఫలకాల మీద గీత కూడా పడలేదు. కూలర్లూ మిషనూ మాత్రం విరిగిన బెంచీల గదిలో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. అక్కడి నుంచి నాలుగడుగులు వేసి వెనక ఆవరణలోకి దిగితే పది కొళాయిల వరస, దాని చివర ఇంకో రెండు పొట్టి కొళాయిలు కనిపిస్తాయి. దానికి ఫలకం లేదు. ఇన్నేళ్లుగా పిల్లలు పళ్లేలు కడిగేదీ చేతులు కడిగేదీ అక్కడే.

ఆ వరస వేయించినాయన గురించి ఈ సంచికకు రాయాలని అనుకున్నప్పుడు పేరు వేయాలా వద్దా అన్న మాట వచ్చింది. బతికినన్నాళ్లూ రాతి మీద వద్దన్న పేరును ఇప్పుడు కాగితం మీద ఎక్కించొద్దని ఇంటివాళ్లు అన్నారు. అందుకే వేయలేదు. హైరోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో మోటారు వైండింగ్ షాపు అంటే చిత్తూరులో చదువుకున్నవాళ్లకు వేరే గుర్తు అక్కర్లేదు. ఊరికి ఆయన మోటార్లాయన, చిన్న తరగతుల పిల్లలకు మోటారు తాత.

షాపు సంగతి ముందు చెప్పాలి. కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టివ్వడం అక్కడి పని. ఆయన ఇచ్చిందంతా అక్కడి తుక్కులోంచి వచ్చిందే.

ముందు రేకుల పంచ, లోపల రెండు గదులు. పంచలో కాలిన మోటార్లు వరసగా పడి ఉంటాయి. ఒక్కోదానికి తీగతో కట్టిన అట్టముక్క, దాని మీద రైతు పేరు, ఊరు, హార్స్‌పవరు. మాఘం దాటి ఎండలు ముదిరేకొద్దీ ఆ వరస వీధిలోకి పాకుతుంది. బోర్లలో నీళ్లు కిందికి దిగి మోటారు ఊరికే తిరిగి కాలుతుంది. లేదంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయి, మిగతా రెండిటి మీదే లాగి లాగి కాలుతుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక స్టార్టర్లకు ఆటోమేటిక్ స్విచ్చి పెట్టుకోవడం ఎక్కువైంది. రైతు రాత్రిపూట పొలానికి పోయే పని తప్పింది గానీ, కరెంటు వచ్చిన క్షణాన ట్రాన్స్‌ఫార్మరు కిందున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలుగా లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఓల్టేజీ పడిపోతుంది, ఏదీ పూర్తిగా లేవదు, కాలేవి కాలతాయి. మోటారు తీసుకొచ్చిన ప్రతి రైతుకూ ఆయన చెప్పేది ఒకటే: ఆ స్విచ్చి పీకెయ్, 5 హార్స్‌పవరు మోటారైతే 2 కేవీఏఆర్ సైజు కెపాసిటరు పెట్టు, ఓల్టేజీ నిలబడుతుంది, ఫేజు పోతే ఆపేసే రిలే పెట్టు. కెపాసిటర్లు తెచ్చిన ధరకే ఇచ్చేవారు. మోటార్లు కాలకపోతే వైండింగ్ షాపుకు గిరాకీ ఎక్కడిదని పక్క షాపువాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వులో నిజం లేకపోలేదు.

మోటారు విప్పాక పాత చుట్టను ఒక పక్క ఉలితో కోసి, వార్నిష్ మెత్తబడేంత వరకే కాచి, తీగను బయటికి లాగుతారు. ఎన్ని చుట్లు, ఎంత గేజి, ఏ గాడి నుంచి ఏ గాడికి అనేది అప్పుడే రాసుకోవాలి. మంటలో వేసి ఎర్రగా కాలిస్తే తీగ తొందరగా ఊడొస్తుంది గానీ ఇనుప రేకుల మధ్యనున్న పూత పోతుంది. ఆ మోటారుకు ఎంత మంచి రాగి చుట్టినా వేడెక్కుతూనే ఉంటుంది. ఊడదీసిన రాగిని రైతు ఎదురుగానే తూచి, దాని వెల కొత్త తీగ వెలలోంచి తగ్గించి బిల్లు రాయడం ఆయన పద్ధతి. చాలా చోట్ల పాత రాగి మాట ఎవరూ ఎత్తరు, అది షాపుదైపోతుంది.

ఇంత చేశాక మిగిలేది కొత్త తీగ చివర్లు, కత్తిరింపులు, కొలత తప్పి పారేసిన చుట్టలు. ఒక మోటారుకు నూరు నూటయాభై గ్రాములు మిగిలితే ఎక్కువ. అది షాపుదే, అందులో ఎవరికీ వాటా లేదు. దాన్ని 20 లీటర్ల పెయింటు డబ్బాలో వేసేవారు. డబ్బా నిండితే ఇంకో డబ్బా. మేలో, బడి తెరిచే ముందు, అన్నీ కుమ్మరించి కాలిన రాగిని ఒక కుప్ప, పూత ఉన్న తీగను ఇంకో కుప్ప వేయించేవారు. రెండూ కలిపి తీసుకుపోతే తుక్కు వ్యాపారి మొత్తాన్నీ తక్కువ రకం కిందే కడతాడు. వచ్చిన దుడ్డు ఒక పొడవాటి చిట్టా పుస్తకంలో జమ. ఖర్చు వైపు బడి, బోరింగులు, ఫ్రీజరు పెట్టె, చలివేంద్రం. ఆ పుస్తకంలో ఏనాడూ నగదు ఎవరి చేతికీ ఇచ్చినట్టు లేదు. ఫీజైతే బడిలో కట్టిన రసీదు, వస్తువైతే బిల్లు అంటించి ఉంటాయి.

కొళాయిల వరసకు వద్దాం. 2003 జనవరిలో బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. అన్నం వచ్చింది, పళ్లేలు కడగడానికి నీళ్లు రాలేదు. నాలుగు వందల మంది పిల్లలకు ఉన్నవి రెండు కొళాయిలు. తిన్న పళ్లెం పట్టుకుని పిల్లలు రోడ్డు దాటి వీధి బోరింగు దగ్గరికి పోయేవాళ్లు. ఆయన చూసింది అది. వచ్చి కొలతలు తీసుకుని లెక్క కట్టారు. పళ్లేనికీ చేతులకూ కలిపి పిల్లవాడికి రెండు లీటర్లు. నాలుగు వందల మందికి ఎనిమిది వందలు. గంట కొట్టాక ఇరవై నిమిషాల్లో అందరి పనీ అయిపోవాలి. అర అంగుళం కొళాయి నిమిషానికి ఎనిమిది లీటర్లు ఇస్తుందనుకుంటే పది కొళాయిలకు పది నిమిషాలు. తోపులాటకు, తెరిచి మూసేదానికి ఇంకో పది.

కొళాయిల వరసలు చాలా బడుల్లో ఉన్నాయి. చివరి మూడిట్లో నీళ్లు సన్నగా రావడం కూడా చాలా బడుల్లో ఉంది. ట్యాంకు నుంచి వచ్చే పైపును వరసకు ఒక కొసన కలిపి వదిలేస్తారు. మొదటి కొళాయిలన్నీ తెరిస్తే చివరి వాటికి ఒత్తిడి మిగలదు, అక్కడున్న పిల్లలు ముందుకు తోసుకొస్తారు. మన వరసలో పైపు ఒకటింపావు అంగుళాలది. ట్యాంకు నుంచి దిగి రెండుగా చీలి వరసకు రెండు కొసల్లోనూ కలుస్తుంది. నీళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి కాబట్టి ఏ కొళాయీ చివరిది కాదు. పైపు ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే. ట్యాంకు అడుగు కొళాయిల కంటే కనీసం పది అడుగుల ఎత్తున ఉండేట్టు మెట్లగది కప్పు మీద పెట్టించారు. తాగే నీళ్లకు వేరే ట్యాంకు, వేరే పైపు, వరండాలో మూడు కొళాయిలు. ఒకే ట్యాంకైతే భోజనం కాగానే ఖాళీ అయి మధ్యాహ్నం తాగడానికి ఉండవని.

తప్పులు కూడా జరిగాయి. మొదట బిగించిన ఇత్తడి కొళాయిలు వేసవి సెలవుల్లో దొంగల పాలయ్యాయి. ప్లాస్టిక్ కొళాయిలు పెడితే పిల్లలు ఊగి ఊగి పిడులు విరిచారు. మూడోసారి మళ్లీ ఇత్తడివే తెచ్చి, ఒళ్లంతా సిమెంటులో పూడ్చి, మూతీ పిడీ మాత్రం బయట ఉంచారు. అప్పటి నుంచి ఒక్కటీ పోలేదు. వాషరు మార్చాలంటే పైభాగం విప్పితే చాలు, ఒళ్లు కదపక్కర్లేదు. గచ్చుకు పది అడుగులకు రెండు అంగుళాల వాలు ఇచ్చారు. నీళ్లు అరటి చెట్లకు పోయేట్టు కాలువ తీశారు. ఆ కాలువ వారానికోసారి మూసుకుపోయేది, సాంబారులో మునక్కాయ పిప్పి, గుడ్డు పెంకులు. జాలీ బుట్ట ఒకటి అడ్డం పెట్టి, రోజూ దాన్ని దులిపే పని వంతులవారీగా ఒక్కో తరగతికి అప్పజెప్పాక కుదిరింది.

అప్పటి హెడ్మాస్టరు ఫలకం మాట ఎత్తినప్పుడు ఆయన జవాబు ఇది: "రాయి చెక్కించే దుడ్డుతో ఇంకో రెండు కొళాయిలు పెట్టించండి సార్, ఒకటో తరగతి పిల్లోళ్లకు పిడి అందడంల్యా." చివరనున్న పొట్టి కొళాయిలు రెండూ అట్లా వచ్చినవే.

కూలర్లు ఇచ్చినవాళ్లను తప్పుపట్టడం ఈ రాతకు ఉద్దేశం కాదు. వాళ్లూ మంచి మనసుతోనే ఇచ్చారు. ఇచ్చాక దాని ఫిల్టరు ఎవరు మార్చాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, పాడైతే ఎవరికి చెప్పాలి అనేది ఎవరూ అనుకోలేదు. మోటార్లాయన లెక్క వేరు. వస్తువు పెట్టిన రోజునే చిట్టాలో దాని కింద ఇంకో పేజీ వదిలేవారు, మరమ్మతులకు. కొళాయిల వాషర్లు మూడు నెలలకోసారి, ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే ఫ్లోటు వాల్వు ఏడాదికోసారి, ట్యాంకు నెలకోసారి. పెట్టడానికి అయిన ఖర్చు ఒక పేజీలో ముగిసింది. మరమ్మతుల పేజీలు పుస్తకం దాటి ఇంకో పుస్తకంలోకి పోయాయి.

ట్యాంకు కడగడం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇప్పుడు ఇళ్లలో కూడా దీన్ని సరిగా చేసేవాళ్లు తక్కువ. శనివారం సాయంత్రం బడి వదిలాక అడుగు కొళాయి తెరిచి నీళ్లు పోనిచ్చి, అడుగున ఒక జానెడు మిగిలినప్పుడు కొబ్బరి పీచుతో గోడలు రుద్ది, ఆ మురికి నీళ్లతో సహా తోడెయ్యాలి. సబ్బు వాడకూడదు, వాసన పోదు. తర్వాత నింపి బ్లీచింగ్ పౌడరు వేయాలి. వెయ్యి లీటర్ల మంచి నీళ్లకు మంచి పౌడరైతే రెండున్నర గ్రాములు చాలు. అంత తక్కువను తూచేది ఎట్లా? ఆయన మందుల షాపులో ఒకసారి తూయించి, దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూతలో ఆ మట్టానికి బ్లేడుతో గీత పెట్టి ఆఫీసు గదిలో ఉంచారు. పౌడరును నేరుగా ట్యాంకులో పోస్తే సున్నం ముద్దలు అడుగుకు చేరతాయి, మందు పైకి రాదు. బక్కెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లను మాత్రమే ట్యాంకులో పోయాలి. గంటసేపు ఆగాలి. వాసన బొత్తిగా రాకపోతే పౌడరు చచ్చిందని అర్థం. సంచి మూతి తెరిచి ఉంచితే, తేమ తగిలితే బ్లీచింగ్ పౌడరు వారాల్లో బలం పోగొట్టుకుంటుంది. చాలా చోట్ల మూలన పడి ఉండే పెద్ద సంచి అందుకే పనికిరాదు. కిలో కిలోగా కొని మూత గట్టి డబ్బాలో పెట్టమనేవారు.

బోరింగుల కాలం ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇంటింటికీ కొళాయి లేని రోజుల్లో వీధికంతా ఒక చేతిపంపే దిక్కు. ఆ పంపుల్లో ఎక్కువ భాగం ఇండియా మార్క్ టూ రకం: పైన పిడి, రెండు బేరింగులు, గొలుసు, కింద పది అడుగుల ముక్కలుగా పైపులూ రాడ్లూ, అట్టడుగున ఇత్తడి తొడుగున్న సిలిండరు, అందులో తోలు వాషర్లు. రోగం ఎక్కడుందో పైపులు పైకి తీయకముందే ఆయన చెప్పగలిగేవారు. చేసేదల్లా నీళ్లు పట్టే ఆడవాళ్లను అడగడం. పొద్దున్నే ఎన్నిసార్లు కొడితే నీళ్లు మొదలవుతున్నాయి? పది పదిహేను సార్లు ఊరికే కొట్టాల్సి వస్తే కింద వాల్వు కారుతోంది, లేదా పైపు అతుకు దగ్గర చిల్లి పడింది. వెంటనే మొదలై సన్నగా వస్తే వాషర్లు అరిగాయి. మంచి పంపు నలభై దెబ్బలకు దాదాపు బిందె నింపాలి. పిడి గాలిలో ఊగినట్టు తేలిగ్గా ఉండి చుక్క రాకపోతే రాడ్డు తెగింది, లేదా మర ఊడింది. తోలు వాషర్లను బిగించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. ఎండిన వాషరు బిగిస్తే సిలిండరులోకి సరిగా దిగదు, అంచు చిరుగుతుంది. ఆ వాషర్లు నాలుగు జతలు ఎప్పుడూ ఆయన స్కూటరు డిక్కీలో ఉండేవి.

నీటిమట్టం దిగిపోయాక చేతిపంపులకు అందకుండా పోయింది. బోర్లు వెయ్యి అడుగులకు పోయాయి, అప్పటికీ పడని చోట్లున్నాయి. ఎండిన బోరు విషయంలో ఆయన చేసిన పని అన్నిటికంటే గొప్పదని మా అభిప్రాయం, అయితే దాని గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. జరగని ప్రమాదం ఎవరికి కనబడుతుంది?

బోరు ఎండితే రైతు మోటారు తీయిస్తాడు, పైపులు తీయిస్తాడు. తర్వాత పై నలభై యాభై అడుగుల్లో మట్టి కూలకుండా దించిన కేసింగ్ పైపు కూడా లాగించి అమ్ముకుంటాడు, లేదా కొత్త బోరుకు వాడుకుంటాడు. అప్పటిదాకా నేల మీద అడుగు ఎత్తున గొట్టం కనబడుతూ ఉంటుంది. కేసింగ్ లాగాక ఉండేది నేలకు సమంగా ఆరున్నర అంగుళాల చిల్లి, పైన గడ్డి. పసిబిడ్డ భుజాలు పట్టే వెడల్పు. దాని మీద రాయి పెడతారు, గోనెసంచి కప్పుతారు. రాయిని ఎవరో తీసుకుంటారు, గోనె చివికిపోతుంది. 2010లో సుప్రీంకోర్టు ఈ బోర్లను ఎట్లా మూయాలో, ఎవరు బాధ్యులో ఉత్తర్వులిచ్చింది. కాగితం అట్లా ఉంటే, మోటారు పైకి తీసిన రోజున అక్కడ నిలబడి ఉండేది మోటారు మేస్త్రీ. ఆయన తన మనుషులకు పెట్టిన కట్టుబాటు ఇది: ఎండిన బోరు నుంచి మోటారు తీస్తే, మూత వేయకుండా తాడు చుట్టుకుని రాకూడదు. కేసింగ్ ఇనుపదైతే అక్కడికక్కడే రేకు పలక వెల్డింగు. ప్లాస్టిక్‌దైతే మూతకు గమ్ము పెట్టి, అడ్డంగా బోల్టు దూర్చి, బోల్టు మర చితక్కొట్టాలి, ఎవరూ విప్పలేకుండా. రైతు కేసింగ్ కూడా కావాలంటే ముందు బోరు పూడ్చాలి. ఖర్చు రాగి డబ్బాదే.

పూడ్చడం పెద్ద ఖర్చనుకుంటారు. లెక్క వేస్తే ఆరున్నర అంగుళాల బోరు మూడు వందల అడుగులకు పట్టేది రెండు ఘనమీటర్ల మట్టి, ఒక ట్రాక్టరుకు లోపే. తప్పు జరిగేది పోసే తీరులో. గంపలతో గబగబా పోస్తే మట్టి మధ్యలో ఇరుక్కుని పైకి నిండినట్టు కనబడుతుంది, కింద డొల్ల ఉంటుంది. మొదటి వానకు అది జారి చిల్లి మళ్లీ తెరుచుకుంటుంది. ఇసుక కలిపిన మట్టిని పారతో కొద్దికొద్దిగా, మధ్యమధ్య నీళ్లు పోస్తూ వేయాలి. నిండాక పైన గుట్టలా వదిలి, ఒక వానాకాలం పోయాక వచ్చి చూసి, దిగినంత మేర మళ్లీ పోయాలి. రెండోసారి వచ్చి చూడడమే ఎవరూ చేయరు. ఆయన చిట్టాలో బోరు మూసిన తేదీ పక్కన ఇంకో గడి ఉండేది, మళ్లీ చూసిన తేదీకి. అది ఖాళీగా ఉంటే పని కాలేదన్నట్టే.

ఊళ్లో మాత్రం ఆయన్ను ఎక్కువమంది తలుచుకునేది ఫ్రీజరు పెట్టె వల్ల. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటే పొద్దుటికి వస్తారు. ఇంకా దూరాన ఉంటే ఒకటి రెండు రోజులు. అప్పటిదాకా శరీరాన్ని ఉంచే పెట్టెకు అద్దె కట్టలేనివాళ్ల కోసం ఒకటి కొన్నారు, తర్వాత ఇంకొకటి. అద్దె లేదు, మోసుకుపోయే ఆటో ఖర్చు కూడా అడిగేవాళ్లు కాదు. పెట్టె ఇవ్వడం కంటే దాన్ని ఆ ఇంట్లో సరిగా నడిపించడం కష్టం. పాత ఇళ్లలో వైరు సన్నం. ఫ్యాను ప్లగ్గుకు తగిలిస్తే కంప్రెసరు లేచినప్పుడల్లా ఓల్టేజీ పడుతుంది, అర్ధరాత్రి ఫ్యూజు పోతుంది. అందుకని పెట్టెతో పాటు ముప్పై మీటర్ల మూడు తీగల కేబుల్ పంపేవారు, ఒక్కో తీగ రెండున్నర చదరపు మిల్లీమీటర్లది. దాన్ని మీటరు దగ్గరి మెయిన్ నుంచే తీసుకునేవాళ్లు. కేబుల్ మిగిలితే చుట్టగా వదలకూడదు, చుట్టలోనే వేడి నిలిచి కరిగిపోతుంది, మొత్తం పరిచి పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎర్త్. శవానికి నీళ్లు పోసిన నేల తడిగా ఉంటుంది, అయినవాళ్లు వచ్చి ఇనుప పెట్టె మీద పడి ఏడుస్తారు. ఎర్త్ లేని ఇంట్లో ఆ పెట్టెకు కరెంటు తగిలితే ఇంకో చావు. ఎర్త్ టెస్టు చేయకుండా స్విచ్చి వేయకూడదని కుర్రాళ్లకు ఖండితంగా చెప్పేవారు. ఇంట్లో ఎర్త్ లేకపోతే పెరట్లో తడి నేల చూసి ఇనుప కడ్డీ దిగ్గొట్టి, తీగ కలిపి, మళ్లీ టెస్టు చేసి, ఆ లైనుకు లీకేజీ పసిగట్టి ఆపేసే బ్రేకరు తగిలించాకే నడపాలి. పెట్టెను ఖాళీగా అరగంట నడిపి చల్లబరిచాక శరీరాన్ని ఉంచాలి. కొత్తగా వచ్చిన ప్రతి చుట్టానికీ మూత తెరిస్తే చల్లదనం నిలవదు. ఆ మాట ఏడుస్తున్న ఇంట్లో ఎవరు చెబుతారు? అందుకే ఒక కుర్రాణ్ణి రాత్రంతా అక్కడే ఉంచేవారు. కరెంటు పోతే వాడు చూసుకోవాలి, ప్లాస్టిక్ సంచుల్లో ఐసు తెచ్చి రెండు పక్కలా పేర్చాలి. తిరిగొచ్చాక పెట్టెను బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, మూత తెరిచి ఎండబెట్టి, రబ్బరు అంచుకు పౌడరు రాసి పెట్టేవాళ్లు. రాయకపోతే రబ్బరు అంటుకుపోయి మరోసారి తెరిచినప్పుడు చిరుగుతుంది. కులం, వీధి, పార్టీ అడిగింది లేదు. అడిగేది ఒకటే: "మీ ఇంట్లో మీటరు యాడుంది?"

చలివేంద్రం అందరూ పెడతారు, కాబట్టి రెండు మాటలే. ఉగాదికి మొదలయ్యేది, తొలకరి పడేదాకా. కుండలు ఇసుక మీద, నీడలో. కుండ చెమర్చితేనే నీళ్లు చల్లబడతాయి, కొన్ని వారాలకు సన్న రంధ్రాలు పూడుకుని చెమర్చడం తగ్గుతుంది. అప్పుడు మార్చాలి, పెయింటు వేసి ముస్తాబు చేసిన కుండ అసలు పనికిరాదు. మజ్జిగ లీటరు పెరుగుకు నాలుగైదు లీటర్ల నీళ్లు, అల్లం, కరివేపాకు, ఉప్పు. పొద్దున్నే మొత్తం చిలికి పెడితే మధ్యాహ్నానికి పులుస్తుంది, అందుకే రెండు విడతలు.

ఆయన లెక్క తప్పిన సందర్భం కూడా రాయకపోతే ఆయనే ఒప్పుకోరు. మన బడి ఆవరణలో ఎండిన బోరు ఒకటి ఉండేది. దాన్ని పూడ్చకుండా వాన నీళ్లు భూమిలోకి దింపడానికి వాడదామన్నారు. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాలు పెద్ద దిక్కు, ఆ నెలల్లో కప్పు మీద పడే నీళ్లంతా రోడ్డు మీదికే పోతోంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. ఉత్సాహంగా కప్పు పైపును తెచ్చి నేరుగా బోరులోకి దింపారు. రెండేళ్లకు బోరు మట్టితో నిండి నీళ్లు పైకి పొంగాయి. కప్పు మీది దుమ్ము, ఆకులు, కాకిరెట్టలు అన్నీ లోపలికి పోయాయి. పక్కనే తాగునీటి బోరు ఉన్నందుకు అది ఇంకా పెద్ద తప్పు. దాన్ని ఆయన అందరి ముందూ ఒప్పుకున్నారు, ఖర్చు డబ్బా మీద వేయకుండా సొంతంగా పెట్టుకున్నారు.

రెండోసారి చేసింది ఇట్లా. బోరు చుట్టూ ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంత. గుంతలో ఉన్నంత మేర కేసింగ్‌కు చీలికలు కోసి, నైలాన్ జాలీ చుట్టారు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన అడుగు మందం ముతక ఇసుక. గుంతకు ముందు ఒక తొట్టి, మట్టి అక్కడే దిగేట్టు. తొలి వాన నీళ్లు గుంతలోకి పోకుండా మళ్లించే మూత. మరుగుదొడ్ల వైపు నుంచి చుక్క రాకుండా కట్ట. ఏటా జూన్‌లో పై ఇసుక రెండు అంగుళాలు గీకి పారేసి కొత్తది వేయాలి. 2015 నవంబరు వానలకు అది ఎక్కడా పొంగలేదు. గీకడం మానేస్తే మాత్రం రెండేళ్లలో మొదటి దానికి పట్టిన గతే.

2021 నవంబరులో నీవా నది పొంగి లోతట్టు వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు ఆయన అప్పటికే షాపుకు రోజూ రావడం లేదు. ఇళ్లలో సంపు మోటార్లు, స్టార్టరు డబ్బాలు మునిగాయి. నీళ్లు తగ్గగానే స్విచ్చి వేసి కాల్చుకునేవాళ్లే ఎక్కువని ఆయనకు తెలుసు. ఆటోలో మైకు పెట్టి చెప్పించారు: మునిగిన మోటారుకు స్విచ్చి వేయొద్దు, షాపుకు తెండి, ఆరబెట్టి ఇస్తాం, దుడ్డు వద్దు. మోటారు విప్పి, మంచినీళ్లతో బురద కడిగి, బేరింగుల గ్రీజు మార్చి, చుట్ట మధ్య 100 వాట్ల బల్బు వేలాడదీసి ఒకటి రెండు రోజులు ఉంచాలి. తీగ పూత ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గరు పెట్టి చూస్తే ఒక మెగాఓమ్ దాటాకే కరెంటు ఇవ్వాలి. మోటార్లు ఎక్కువ, అట్లాంటి బల్బులు దొరక్క, పాతవి ఊరంతా అడిగి తెచ్చారు. కాలితే దుడ్డుకు చుట్టివ్వాల్సిన మోటారును ఊరికే ఆరబెట్టి పంపేస్తే షాపుకు నష్టమే.

బడికీ షాపుకూ ఇంకో సంబంధం ఉంది. పదో తరగతి తప్పిన పిల్లల్ని ఆయన పనిలో పెట్టుకునేవారు, ఒక షరతు మీద. సప్లిమెంటరీ పరీక్ష రాయాలి. పరీక్షకు నెల ముందు నుంచి మధ్యాహ్నం వరకే పని, జీతం మాత్రం పూర్తిగా. లెక్కలు రానివాడికి చుట్లు లెక్కపెట్టే పని, ఇంగ్లీషు రానివాడికి మోటారు మీది పేరు పలక చదివి రాసే పని ఇచ్చేవారు. కోపం మాత్రం ఎక్కువే. చుట్ట లెక్క తప్పినవాడిని తిట్టిన తిట్లు సందు చివరిదాకా వినబడేవి, ఇది దాచాల్సిన పని లేదు. ఆ కుర్రాళ్లలో లైన్‌మెన్లయినవాళ్లున్నారు, సొంత షాపులు పెట్టుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు షాపు నడిపేది వాళ్లలో ఒకరే.

2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో బడికి కొత్త మరుగుదొడ్లు, కొత్త నీటి ఏర్పాట్లు వచ్చాయి. పాత వరసను కొట్టేద్దామన్న మాట కూడా వచ్చింది. రెండు వైపుల నుంచీ నీళ్లొచ్చే పైపు చూసి పని చేయించడానికి వచ్చిన ఇంజనీరే దాన్ని ఉంచమన్నారు.

రాగి డబ్బాలు షాపులో ఇప్పటికీ నిండుతున్నాయి. ఈ ఏడాది తుక్కు మేలో అమ్ముతారు. చిట్టా ఆఫీసు గది బీరువాలో ఉంది, పూర్వ విద్యార్థులు ఎవరైనా తీసి చూడొచ్చు. చివరి పేజీలో చేయాల్సినవి నాలుగు మిగిలున్నాయి. వరసలో తూర్పు నుంచి నాలుగో కొళాయి కారుతోంది, అర అంగుళం వాషరు కావాలి. తాగునీటి ట్యాంకు ఫ్లోటు బరువెక్కింది. గుంత ఇసుక జూన్‌లో గీకాలి. మురకంబట్టు దారిలో పోయిన ఏడాది పూడ్చిన బోరు పక్కన, మళ్లీ చూసిన తేదీ గడి ఇంకా ఖాళీగా ఉంది.